సింగపూర్‌లో ఒక పూట

పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు నమస్కారం.

బరంపురంలో ఇప్పుడు ఎవరింటికి వెళ్ళినా ఒకటే కబురు. అబ్బాయి సిడ్నీలో, అమ్మాయి మెల్‌బోర్న్‌లో, పురిటికి మేం వెళ్తున్నాం అని. ఆస్ట్రేలియా గురించి మీ పిల్లలే చెబుతారు. నేను దారిలో తగిలే సింగపూర్ గురించి మాట్లాడతాను. ఆ మజిలీని మనవాళ్ళు చాలామంది కుర్చీల్లో కునికిపాట్లు పడుతూ గడిపేస్తున్నారు.

మన గంజాం జిల్లా వాళ్ళకి సముద్రం దాటడం కొత్తేం కాదు. గోపాలపూర్ రేవులో ఓడెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్, పోయి కూలినాలి చేసినవాళ్ళ మనవలు ఈ హాల్లోనే ఉండొచ్చు. 1942లో జపాన్ సైన్యం రంగం పట్టుకున్నప్పుడు ఎందరో కాలినడకన అడవులు దాటి వచ్చారు. ఏసీలో కూర్చుని ఆలస్యమైందని విసుక్కునే మనం వాళ్ళతో పోల్చుకోకూడదు.

సరే, అసలు సంగతికి వద్దాం. సింగపూర్‌కి మామూలుగా మనకి వీసా కావాలి. కానీ గడువున్న ఆస్ట్రేలియా వీసా, ముందుకు వెళ్ళే టికెట్ ఉంటే వీసా లేకుండానే 96 గంటల వరకు ఊళ్ళోకి పోనిచ్చే సదుపాయం ఉంది. అమెరికా, కెనడా, బ్రిటన్ వీసాలకీ అంతే. చివరి మాట మాత్రం కౌంటర్‌లో కూర్చున్న అధికారిదే. అరైవల్ కార్డు ముందే ఆన్‌లైన్‌లో నింపాలి, దానికి డబ్బు కట్టక్కర్లేదు. రెండు విమానాలూ ఒకే టికెట్ మీద ఉండేలా పిల్లలకి గట్టిగా చెప్పండి. చవకని విడివిడిగా కొంటే పెట్టెలు అక్కడ మీరే దించుకుని మళ్ళీ అప్పగించాల్సి రావచ్చు. ఆ టెన్షన్‌లో ఊరేం చూస్తారు?

విరామం అయిదున్నర గంటలు దాటితే చాంగీ విమానాశ్రయం వాళ్ళే ఉచితంగా బస్సులో తిప్పుతారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి అది మేలు. నాకు మాత్రం బస్సు అద్దంలోంచి చూసింది చూసినట్టుండదు. టైముంటే మెట్రో ఎక్కి లిటిల్ ఇండియాలో దిగండి. సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది. పొద్దున్నే వెళ్ళాలి, మధ్యాహ్నం తలుపులేస్తారు. తర్వాత టెక్కా సెంటర్. కింద ఒక పక్క చేపల బజారు, ఇంకో పక్క భోజనాల కొట్లు. ఖాళీ బల్ల మీద చిన్న టిష్యూ ప్యాకెట్ కనబడితే ఎవరో మర్చిపోయారనుకోకండి. మన బస్సులో కిటికీలోంచి తువ్వాలు వేసినట్టే, అది సీటు ఆపుకోవడం! తిన్నాక పళ్ళెం మీరే తీసుకెళ్ళి పెట్టాలి. 2021 నుంచి అక్కడ ఇది కచ్చితం, వదిలేసిపోతే జరిమానా కూడా పడొచ్చు. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా తీయని మగవాళ్ళు అక్కడ బుద్ధిగా ట్రే మోస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది.

అంతకుమించి ఆశపడొద్దు. గుడి, భోజనం, వెనక్కి. విమానానికి మూడు గంటల ముందు చాంగీలో ఉండండి. వాళ్ళ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. ఫోన్ తనంతట తను మారుతుంది గానీ చేతి గడియారం మారదు.

ఇక మన బరంపురం పచ్చళ్ళు. చేతిసంచిలో పెడితే సెక్యూరిటీ దగ్గర 100 మిల్లీలీటర్లు దాటిన సీసా ఆపేస్తారు. పెద్ద పెట్టెలో వేయండి, ఆస్ట్రేలియాలో దిగగానే తిండి సామాను ఉందని అక్కడి ప్రయాణికుల కార్డులో రాయండి. ఖైనీ, గుట్కా మాత్రం ఇంట్లోనే వదిలేయండి. సింగపూర్‌లోకి అవి తేవడం నిషేధం. వెనక వరసలో నవ్వుతున్న బాబాయిలకే చెబుతున్నాను.