యాంటీబాడీలు చేరలేని చోట క్షయ క్రిమి

వ్యాఖ్యాత: శ్రోతలందరికీ నమస్కారం. డాక్టరు గారూ, మా మేనకోడలికి ఈమధ్యే బాబు పుట్టాడు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే ముందు ఎడమ భుజానికి బీసీజీ టీకా వేశారు. నెల దాటాక అక్కడ చిన్న బొడిపె లేచి, పగిలి, పుండు పడేసరికి ఇంటిల్లిపాదీ కంగారుపడ్డారు. పసుపు అద్దాలా, ఆయింట్‌మెంట్ రాయాలా అని నన్ను అడిగితే నేను ఏమీ చెప్పలేకపోయాను.

డాక్టర్: ఏమీ రాయనక్కరలేదండీ. అది దానంతట అదే మాని మచ్చగా మిగులుతుంది. చంకలో బిళ్ళ బాగా వాచినా, పుండు నెలల తరబడి మానకపోయినా అప్పుడు పిల్లల డాక్టరుకు చూపించాలి. మనం ఈ రోజు మాట్లాడుకోవలసిన విషయమంతా ఆ పుండులోనే ఉంది. బీసీజీ అంటే క్షయ నుంచి కాపాడటానికి వేసే, బలహీనపరచిన బతికున్న బ్యాక్టీరియా. అది కణాల లోపలికి చేరుతుంది. అలా చేరినదాన్ని గుర్తించి ఎదుర్కోవడానికి శరీరానికి వారాలు పడుతుంది, ఎదుర్కొన్నప్పుడు ఆ చోట మన కండ కూడా కొంత దెబ్బతింటుంది.

వ్యాఖ్యాత: వారాలు ఎందుకు పడుతుంది? జలుబు చేస్తే వారంలో తగ్గిపోతుంది కదా.

డాక్టర్: అసలు క్షయ క్రిమి విషయంలో ఏం జరుగుతుందో చూడండి. ఊపిరితిత్తుల గాలి గదుల్లో మాక్రోఫేజ్ అనే కణాలు కాపలా కాస్తుంటాయి. లోపలికి వచ్చిన దుమ్మునూ క్రిములనూ అవి మింగి, ఒక సంచిలో బంధించి, ఆ సంచిని జీర్ణరసాలు నిండిన లైసోజోమ్ అనే మరో సంచితో కలుపుతాయి; చాలా క్రిముల పని అక్కడితో సరి. రాబర్ట్ కాక్ 1882లో బెర్లిన్‌లో లోకానికి చూపిన క్షయ క్రిమి మాత్రం ఆ రెండు సంచులూ కలవకుండా అడ్డుపడుతుంది. ఆర్మ్‌స్ట్రాంగ్, డార్సీ హార్ట్ అనే శాస్త్రజ్ఞులు ఈ సంగతిని 1971లో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద చూపించారు. తనను చంపవలసిన కణంలోనే అది కాపురం పెడుతుంది. పైగా అది ఒకటి రెండు కావడానికి సుమారు 20 గంటలు పడుతుంది. ఇంత నెమ్మదిగా, ఇంత చాటుగా పెరిగే క్రిమి ఆనవాళ్ళను డెండ్రైటిక్ కణాలు లింఫ్ గ్రంథికి మోసుకుపోయి అక్కడి టి-కణాలనే రక్షణ కణాలకు చూపించి, అవి వేల సంఖ్యలో పెరిగి ఊపిరితిత్తికి తిరిగి వచ్చేసరికి వారాలు గడిచిపోతాయి.

వ్యాఖ్యాత: ఈలోగా యాంటీబాడీలు ఏం చేస్తుంటాయి?

డాక్టర్: అవి క్రిములను పట్టుకునే ప్రోటీన్లు. రక్తంలోనూ కణాల వెలుపలా తిరుగుతాయి గానీ బతికున్న కణం గోడ దాటి లోపల ఉన్న క్రిమిని సులభంగా అందుకోలేవు. 1960లలో జార్జ్ మెకానెస్ ఎలుకల మీద చేసిన ప్రయోగాలు నాకు ఎంతో ఇష్టం. కణాల లోపల బతికే లిస్టీరియా అనే బ్యాక్టీరియా సోకి కోలుకున్న ఎలుక సీరాన్ని, అంటే యాంటీబాడీలు ఉండే రక్తపు ద్రవాన్ని, మరో ఎలుకకు ఎక్కిస్తే దానికి రక్షణ రాలేదు. అదే ఎలుక లింఫ్ కణాలను ఎక్కిస్తే వచ్చింది. ఇక్కడ కాపాడేది కణమేనని అలా తేలింది.

వ్యాఖ్యాత: ఆ టి-కణాలు వచ్చి క్రిమిని చంపుతాయా?

డాక్టర్: ఇక్కడే చాలామంది పొరపడతారు. ముఖ్యంగా సీడీ4 అనే రకం టి-కణాలు స్వయంగా చంపవు, చంపే శక్తిని మాక్రోఫేజ్‌కు అందిస్తాయి. అవి విడుదల చేసే ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేత రసాయనం తగలగానే మాక్రోఫేజ్ తీరే మారిపోతుంది: ఆగిపోయిన సంచులు మళ్ళీ కలుస్తాయి, లోపల ఆమ్లం పెరుగుతుంది, క్రిములను దెబ్బతీసే రసాయనాలు తయారవుతాయి. ఈ సంకేతాన్ని అందుకునే గ్రాహకం పుట్టుకతోనే లోపించిన పిల్లల గురించి 1996లో వైద్య పత్రికల్లో వచ్చింది. మనకు రక్షణగా వేసే బీసీజీ వంటి బలహీనమైన బ్యాక్టీరియా కూడా ఆ పిల్లలకు ప్రాణాంతకమయింది. సీడీ8 అనే మరో రకం టి-కణాలు క్రిమి చేరిన కణాన్నే చంపగలవు, కానీ క్షయలో పెద్ద భారం మోసేవి సీడీ4 కణాలే. చికిత్స లేని హెచ్ఐవి ఆ కణాలనే హరిస్తుంది కాబట్టి ఆ రోగులను క్షయ అంత తేలికగా పట్టుకుంటుంది.

వ్యాఖ్యాత: అయితే ఆరోగ్యవంతుల్లో క్రిమి పూర్తిగా చనిపోతుందా?

డాక్టర్: చాలాసార్లు చావదు, బందీ అవుతుంది. మాక్రోఫేజ్‌లు గుంపుగా చేరి, చుట్టూ టి-కణాలు దడి కట్టి, గ్రాన్యులోమా అనే గడ్డ ఏర్పడుతుంది. కొన్నిటి నడిభాగం చచ్చిపోయి జున్నులా మెత్తగా తయారవుతుంది. క్రిమి సోకినవారిలో జీవితకాలంలో జబ్బు పడేవారు 5 నుంచి 10 శాతం మాత్రమే. అయితే ఆ గడ్డ కరిగి గాలిగొట్టంలోకి తెరుచుకుంటే క్రిములు తెమడతో బయటికి వస్తాయి. ఊపిరితిత్తికి పడే ఆ చిల్లి చాలావరకు మన రక్షణ కణాల పనే. అందుకే ఇమ్యూనిటీ పెంచుతామంటూ అమ్మే పొడులను చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది. ఇక్కడ కావలసింది హెచ్చు కాదు, అదుపు.

వ్యాఖ్యాత: కుష్ఠు కూడా ఇలాంటిదేనా?

డాక్టర్: అదీ కణాల లోపల బతికే బ్యాక్టీరియాయే. టి-కణాలు గట్టిగా స్పందించినవారిలో కొద్దిపాటి మచ్చలతో, నరాల దెబ్బతో సరిపోతుంది. అవి స్పందించనివారి రక్తంలో యాంటీబాడీలు పుష్కలంగా ఉన్నా చర్మమంతా క్రిములే కనిపిస్తాయి.

వ్యాఖ్యాత: చివరిగా ఒక శ్రోత ప్రశ్న. తన తల్లికి కీళ్ళవాతానికి కొత్త ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు, దగ్గు కూడా లేకపోయినా, ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్ష ఎందుకు అడిగారని ఆమె రాశారు.

డాక్టర్: ఆ మందు బహుశా టీఎన్‌ఎఫ్ అనే సంకేతాన్ని ఆపేదై ఉంటుంది. కీళ్ళలో వాపుకు కారణమైన ఆ సంకేతమే గ్రాన్యులోమా దడిని నిలబెడుతుంది. దాన్ని ఆపితే ఎన్నేళ్ళ కిందటో బందీ అయిన క్రిమి బయటపడవచ్చు. ఇక టీబీ పరీక్షలో ముంజేతి చర్మంలోకి క్షయ క్రిమి ప్రోటీన్లను కొద్దిగా ఎక్కించి, రెండు మూడు రోజుల తరువాత ఎరుపును కాక వేలికి తగిలే గట్టిదనాన్ని స్కేలుతో కొలుస్తారు. ఆ గట్టిదనం అక్కడికి చేరిన టి-కణాల వల్ల, మాక్రోఫేజ్‌ల వల్ల వచ్చినదే. ఫలితం పాజిటివ్ అయితే ముందు జబ్బు లేదని నిర్ధారించుకుని, బందీగా ఉన్న క్రిమికి మందులు మొదలుపెట్టి, కొన్ని వారాలు గడిచాకే ఆ ఇంజెక్షన్ ఇస్తారు. వాళ్ళమ్మగారిని ఆ పరీక్షలు తప్పకుండా చేయించుకోమని చెప్పండి.