పండుగ సెలవుల్లో పిల్లల తీపికి హద్దు పెట్టాలా? స్టూడియో చర్చ, పూర్తి పాఠం

సెలవులకు ముందు ఒక స్కూల్ వాళ్లు తల్లిదండ్రులకు పంపిన నోటీసు ఫోన్లలో తెగ తిరుగుతోంది. "సెలవుల్లో పిల్లలకు రోజుకు ఒక్క తీపి వస్తువే ఇవ్వండి, మిగతావి ఇంట్లో ఉంచకండి" అని దాని సారాంశం. మా ఇంట్లో ఏం తినాలో స్కూల్ చెప్పేదేంటని కొందరు, ఎవరో ఒకరు చెప్పాల్సిందే కదా అని కొందరు. దాని మీద జరిగిన చర్చ ఇది. మాటలు తెగిన చోట అలాగే వదిలేశాను. పిల్లల డాక్టర్ గారి మాట చాలాసార్లు మధ్యలోనే ఆగిపోయింది, అది నాకు బాధగానే ఉంది, ఎందుకంటే ఆయన చెప్పబోయిన సంగతులు ప్రతి ఇంట్లో పనికొచ్చేవి.

యాంకర్: నమస్కారం. సెలవులొచ్చాయి, చుట్టాలొస్తారు, వచ్చిన ప్రతి ఒక్కరి చేతిలో ఒక చాక్లెట్ ప్యాకెట్. వద్దంటే పెద్దవాళ్లకు కోపం. మాస్టారూ, మీతోనే మొదలుపెడతాను. పిల్లలకు ఈ అలవాటు చేసేది అమ్మమ్మలు, తాతయ్యలేనా?

రిటైరైన టీచర్: అలవాటు చేయడమేంటండీ? నాకు ముగ్గురు మనవలు. ఏడాది మొత్తంలో వాళ్లు నా దగ్గర ఉండేదే పది రోజులు. ఆ పది రోజుల్లో కూడా నేను లెక్కపెట్టి ఇవ్వాలా? ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, ఇంత కటువైన నోటీసు నేనెప్పుడూ...

పళ్ల డాక్టర్: మాస్టారూ, ఒక్క మాట.

యాంకర్: మేడమ్, మీ దగ్గరికే వస్తాను.

పళ్ల డాక్టర్: లేదండీ, ఇక్కడే చెప్పాలి. రోజుకు ఒక్కటి అన్నారు కదా, ఆ లెక్కే తప్పు. ఒక్కటంటే ఏది? లాలీపాప్ కూడా ఒక్కటే. పిల్లాడు దాన్ని అరగంట చప్పరిస్తాడు, పక్కన పెడతాడు, మళ్లీ నోట్లో పెట్టుకుంటాడు. తీపి తగలగానే నోట్లో ఉన్న బ్యాక్టీరియా దాన్ని ఆమ్లంగా మారుస్తుంది. ఆమ్లం పెరిగే కొద్దీ తగ్గే కొలత పీహెచ్, అది 5.5 కంటే కిందికి దిగితే పంటి పైపొరలోంచి ఖనిజాలు కరగడం మొదలవుతుంది, లాలాజలం దాన్ని మళ్లీ మామూలు స్థితికి తేవడానికి అరగంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. అది కుదుటపడేలోపు ఇంకోటి నోట్లో వేస్తే? పొద్దున్నుంచి రాత్రి దాకా ఆ పంటికి తెరిపి ఉండదు. అందుకే నేను ఎన్ని తిన్నాడని అడగను, ఎన్నిసార్లు తిన్నాడని అడుగుతాను.

పిల్లల డాక్టర్: మేడమ్ చెప్పింది పంటి వరకూ నిజం. ఒంటి విషయానికి వస్తే మొత్తం ఎంత అన్నదీ చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచన ఏంటంటే, రోజంతా తినే కేలరీల్లో కలిపిన చక్కెర నుంచి వచ్చేవి 10 శాతం దాటకూడదు, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిది. రోజుకు 1,500 కేలరీలు తినే పిల్లాడికి 10 శాతం అంటే 150, అంటే 37 గ్రాముల చక్కెర, ఉజ్జాయింపుగా తొమ్మిది టీస్పూన్లు. 330 మిల్లీలీటర్ల కోలా టిన్ ఒక్కదాంట్లోనే 35 గ్రాముల దాకా ఉంటుంది. మనం చాక్లెట్ల గురించి కొట్లాడుకుంటున్నాం గానీ, గ్లాసులో పోసిచ్చే దాన్ని ఎవరూ...

యాంకర్: ఆ గ్లాసు పోసిచ్చేది ఎవరు డాక్టర్ గారూ? పెద్దవాళ్లే కదా? నేను మళ్లీ అక్కడికే వస్తున్నాను.

టీచర్: మీరు ఎటు తిప్పినా నా దగ్గరికే తెస్తున్నారు. నేను కూల్‌డ్రింక్ ఇవ్వను, పాలల్లో తేనె కలిపి ఇస్తాను.

పిల్లల డాక్టర్: తేనె కూడా ఆ లెక్కలోకే వస్తుంది మాస్టారూ, పళ్ల రసం కూడా. పండు పండుగా తింటే రాదు. పైగా ఏడాది నిండని పిల్లలకు తేనె అసలు ఇవ్వకూడదు, పసిపిల్లల ప్రాణం మీదికి తెచ్చే బొటులిజం అనే జబ్బు...

పళ్ల డాక్టర్: తేనె గురించి తర్వాత మాట్లాడుకుందాం. నేను ఎన్నిసార్లు అన్న మాట దగ్గరే ఉన్నాను. స్వీడన్‌లో 1940లలో విపెహోమ్ అనే ఆస్పత్రిలో ప్రయోగం చేశారు. భోజనంతో పాటు తీపి తిన్నవాళ్ల పళ్లు పెద్దగా పాడవలేదు. మధ్యమధ్యలో పంటికి అంటుకునే టాఫీలు తిన్నవాళ్ల పళ్లు విపరీతంగా పుచ్చిపోయాయి. ఆ తర్వాతే అక్కడ వారమంతా కాకుండా శనివారం ఒక్కరోజే మిఠాయి అనే అలవాటు పాతుకుపోయింది.

టీచర్: ఆ ఆస్పత్రిలో ఉన్నది ఎవరమ్మా? మానసిక వైకల్యం ఉన్నవాళ్లు. వాళ్లను అడిగి చేశారా ఆ ప్రయోగం?

పళ్ల డాక్టర్: అడగలేదు. అది తప్పే, నేను కాదనను.

టీచర్: తప్పే అని ఒక్క ముక్కలో అనేస్తే ఎలా? కావాలని ఆ మనుషుల పళ్లు పుచ్చిపోయేలా చేశారు!

(ఇక్కడ రెండు నిమిషాలు ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. మాస్టారి గొంతు వణికింది. ఆ ఫలితాన్ని ఇవాళ వాడుకోవచ్చా లేదా అన్న దాకా వెళ్లారు గానీ ఏదీ తేలలేదు.)

యాంకర్: మనం పిల్లల దగ్గరికి వద్దాం. అమ్మా, మీరు ఇంతసేపూ మాట్లాడలేదు. తీపి తింటే పిల్లలు ఇల్లు పీకి పందిరేస్తారంటారు, నిజమేనా?

తల్లి: మా ఇంట్లో అలాగే అనిపిస్తుందండీ, కానీ నేను...

పిల్లల డాక్టర్: దీనికి నేను జవాబు చెప్పాలి. అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూసి 1995లో తేల్చారు, చక్కెర వల్ల పిల్లల ప్రవర్తన మారుతుందన్నది నిలబడలేదు. అంతకు ముందు ఏడాది ఇంకో ప్రయోగం వచ్చింది. పిల్లలందరికీ చక్కెర లేని తీపే ఇచ్చి, సగం మంది తల్లులకు మాత్రం మీ బాబు చక్కెర తాగాడని చెప్పారు. ఆ తల్లులే మా వాడు ఎక్కువ అల్లరి చేస్తున్నాడన్నారు. చుట్టాల పిల్లలు పదిమంది కలిసి, నిద్ర వేళలు తప్పితే ఏ పిల్లాడైనా గెంతుతాడు.

పళ్ల డాక్టర్: అల్లరి సంగతి వదిలేయండి, పుచ్చు సంగతి చూడండి. సెలవులు అవ్వగానే నా దగ్గరికి వచ్చే పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. నాలుగేళ్ల పాప బుగ్గ మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంటుంది, నోరు తెరవమంటే తెరవదు. పాలపళ్లే కదా ఊడిపోతాయిలే అంటారు. ఊడేలోపు ఆ నొప్పి పడేది ఎవరు?

తల్లి: నన్ను ఒక్కసారి చెప్పనివ్వండి. ఆ నోటీసులో ఉన్నట్టే నేను పోయినేడు చేశాను. అన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను. మా బాబుకు ఏడేళ్లు. సెలవులయ్యాక దుప్పట్లు ఉతుకుదామని వాడి దిండు గలీబు తీస్తే, లోపల చాక్లెట్ కాగితాలు. ఒక్కో కాగితం చప్పుడు రాకుండా మడతపెట్టి మడతపెట్టి గోరంత చేశాడు. పద్నాలుగు ఉన్నాయి. వాటిని చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. వాడు తిన్నందుకు కాదు, నా దగ్గర దాచాలని వాడికి అనిపించినందుకు.

పిల్లల డాక్టర్: ఇదే అమ్మా, 1999లో వచ్చిన ఒక ప్రయోగంలో ఇలాంటిదే చూశారు. చిన్నపిల్లల ముందు రెండు రకాల చిరుతిళ్లు పెట్టి, ఒకటి ఎప్పుడైనా తినొచ్చు, ఇంకోటి కళ్ల ముందే ఉన్నా వద్దన్నారు. పిల్లల ధ్యాసంతా వద్దన్న దాని మీదే. అందుకని పూర్తిగా తాళం వేయడం కంటే...

యాంకర్: ఆ కాగితాలు వాడికి ఎవరిచ్చిన చాక్లెట్లవి అమ్మా? తాతగారేనా?

తల్లి: అది నేను అడగలేదండీ.

టీచర్: మళ్లీ మొదలుపెట్టారు.

పళ్ల డాక్టర్: చూడండి, తాళం వేయమని నేనూ అనను. భోజనం అవ్వగానే ఇవ్వండి, వాడి ఎదురుగానే, వాడికి నచ్చిందే ఇవ్వండి. తినేశాక నీళ్లు తాగించండి. మళ్లీ తర్వాతి భోజనం దాకా ఏమీ లేదు. పడుకునే ముందు ఫ్లోరైడ్ ఉన్న పేస్ట్‌తో మీరే దగ్గరుండి తోమండి, ఏడెనిమిదేళ్లు వచ్చేదాకా వాళ్ల చేతికి ఆ పని సరిగ్గా రాదు. తోమాక పాలు కూడా వద్దు. ఇంతే. దీనికి నోటీసు ఎందుకు?

పిల్లల డాక్టర్: భోజనం తర్వాత ఎంత పెడతారు మేడమ్? మూడు పూటలా మూడు ముక్కలు, పక్కన గ్లాసుడు కూల్‌డ్రింక్ అంటే నేను ఒప్పుకోను. బ్రిటన్‌లో చక్కెర రేషన్ 1953 దాకా నడిచింది. ఆ రేషన్ రోజుల్లో కడుపులో ఉన్నవాళ్లు, పసిపిల్లలుగా ఉన్నవాళ్లు పెద్దయ్యాక ఎలా ఉన్నారని చూసి 2024లో ఒక పరిశోధన వచ్చింది. టైప్ 2 షుగర్ ముప్పు వాళ్లలో 35 శాతం దాకా తక్కువ. అంటే పళ్లు ఊడి మళ్లీ వస్తాయేమో గానీ...

పళ్ల డాక్టర్: ఊడి వస్తాయని మీరే అంటే ఎలా డాక్టర్ గారూ? ఈ మాట విని రేపు ఎంతమంది తల్లులు...

పిల్లల డాక్టర్: నేను ఆ అర్థంలో అనలేదు.

పళ్ల డాక్టర్: అన్నారు. అందుకే మళ్లీ చెబుతున్నాను. ఎన్ని కాదు, ఎన్నిసార్లు. ఇది గుర్తుపెట్టుకుంటే చాలు.

యాంకర్: మేడమ్ మాట నాకు తేలిగ్గా అర్థమైంది, ఎన్నిసార్లు అని. అందరికీ అదే సులువనుకుంటా. సమయం దగ్గర పడింది. మాస్టారూ, ఆఖరిగా, ఇంట్లో పెద్దవాళ్లు మారితే ఈ సమస్య సగం తీరదంటారా?

టీచర్: సమస్య సంగతి తెలీదు గానీ, పిల్లాడు తలుపు దగ్గరికి పరుగెత్తుకొచ్చి నా చేతుల వైపు చూస్తాడు. ఆ చేతుల్లో ఏం ఉండాలో మీరు చెప్పండి, అదే తెస్తాను. అది చెప్పకుండా తేవద్దంటే ఎలా?

పిల్లల డాక్టర్: మాస్టారూ, రంగు పెన్సిళ్లు తీసుకెళ్లండి, బంతి తీసుకెళ్లండి, తీపే ఎందుకు...

యాంకర్: డాక్టర్ గారూ, పది సెకన్లే ఉన్నాయి.

తల్లి: నాదొక్క ప్రశ్న. రేపు మా ఆడపడుచు వస్తోంది, తప్పకుండా పెద్ద డబ్బాతోనే వస్తుంది. అది ఆమె ఎదురుగానే తీసి పైన పెట్టేయాలా, ఆమె వెళ్లాక తీయాలా?

పళ్ల డాక్టర్: ఆమె ఎదురుగానే తెరవండి, భోజనం అయ్యాక అందరూ కలిసి...

పిల్లల డాక్టర్: అందరూ అంటే ఎంతెంత అన్నది కూడా చెప్పండి మేడమ్!

(ఇక్కడ మైకులు ఆగిపోయాయి.)