దూరాన ఉన్న పాఠకుడు

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాదులో 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయం, అంటే దూరాన ఉండి చదువుకునే ఓపెన్ యూనివర్సిటీ, మొదలైంది. ఇప్పుడది అంబేద్కర్ గారి పేరు మీద ఉంది. పగలు ఉద్యోగం చేసేవాళ్లు, ఇంటిపనితో పాటు డిగ్రీ చదివే ఆడవాళ్లు అందులో ఎందరో. పుస్తకం తెరిచేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. అప్పటికి లైబ్రరీకి తాళం పడుతుంది. చేతిలో ఫోను మాత్రం ఉంటుంది. ఇలాంటివాళ్ల కోసమే యూనివర్సిటీ లైబ్రరీలు ఫేస్‌బుక్‌లోకి, వాట్సాప్‌లోకి రావాలి. చాలా వచ్చాయి కూడా. కానీ నాకు ఎక్కువగా కనిపించేవి "రేపు సెలవు", "కొత్త పుస్తకాలు వచ్చాయి" అనే ప్రకటనలే. చెబుతున్నారు, అడగడం లేదు.

అడిగితే ఏమవుతుందో చెబుతాను. ఇది నాకెంతో ఇష్టమైన కథ.

2008 జనవరిలో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, ఫ్లికర్ అనే ఫొటోల సైట్‌లో దాదాపు 3,000 పాత ఫొటోలు పెట్టింది. వాటిలో 1910 ప్రాంతపు పత్రికా ఫొటోలు చాలా ఉన్నాయి. కొన్నింటికి, ఆ రోజుల్లో ఫొటో తీసిన గాజు పలక (నెగెటివ్) మీద గీసిన పేరు తప్ప ఇంకో ఆధారం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి అన్నారు. చెప్పారండీ! ముక్కూమొహం తెలియనివాళ్లు పాత పత్రికలు తిరగేసి మరీ, ఈయన ఫలానా, ఈ వీధి ఫలానా అని రాశారు. అక్టోబరు నాటికి 7,000 పైగా వ్యాఖ్యలు వచ్చాయి.

అంతటితో ఆగి ఉంటే నేనీ కథ చెప్పేవాణ్ణి కాదు. సిబ్బంది ఆ వ్యాఖ్యలు చదివారు, నిజమో కాదో సరిచూశారు, తమ కేటలాగులో 500కు పైగా ఫొటోల వివరాలు దిద్దారు. ఆ సమాచారం ఫ్లికర్ నుంచి వచ్చిందని పక్కనే రాశారు. దూరాన ఉన్న పాఠకుడి మాట కేటలాగులోకి ఎక్కింది. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మన లైబ్రేరియన్లను నేను కోరేది ఈ ఒక్కటే. రాత్రి ఒక విద్యార్థిని మీ లైబ్రరీ వాట్సాప్ గ్రూపులో అడుగుతుంది: "పాత ప్రశ్నపత్రాలు ఎక్కడున్నాయి సార్?" మీరు ఓపిగ్గా జవాబిస్తారు. తెల్లారేసరికి శుభోదయాల కింద అది మునిగిపోతుంది. మరుసటి ఏడాది ఇంకొకరు అదే అడుగుతారు, అదే టెన్షన్‌తో. వారానికొక గంట కేటాయించండి. ఆ వారం వచ్చిన ప్రశ్నలు, జవాబులు ఏరి లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఒకేచోట, తెలుగులో పెట్టండి. గ్రూపులో ఎవరైనా మంచి వివరం ఇస్తే అదీ చేర్చండి. ఆ లింకును గ్రూపులో పైన పిన్ చేసి ఉంచండి.