ఆ కాగితం మీద ఒక్క మాట

అందరికీ నమస్కారం. డల్లాస్ చుట్టుపక్కల తెలుగువాళ్లం నలుగురం కూడితే ఎస్ఏటీ గురించో, కాలేజీ ఫీజుల గురించో మాట్లాడుకుంటాం. నేను సస్పెన్షన్ల గురించి మాట్లాడతానంటే నిర్వాహకుల్లో ఒకాయన "అది మనకెందుకండీ?" అన్నారు.

మాకు తెలిసినవాళ్ల అబ్బాయి, ఏడో తరగతి. ఓ రోజు స్కూలు నుంచి కాగితం తెచ్చాడు. మూడు రోజుల సస్పెన్షన్. కారణం అన్నచోట ఒకే మాట: "డిఫయన్స్". ధిక్కారం అన్నమాట. తండ్రి ముందు వాణ్ణి నాలుగు తిట్టాడు. మన ఇళ్లలో అంతే కదా, టీచరు అన్నాక తిరుగుండదు. రాత్రి అన్నం దగ్గర తల్లి మెల్లగా అడిగితే అసలు సంగతి బయటపడింది. ఫోను బ్యాగులో పెట్టమంటే "ఒక్క నిమిషం మేడమ్" అన్నాడట.

ఈ సస్పెన్షన్లు ఎవరి మీద ఎక్కువగా పడుతున్నాయో చూద్దాం. 2013-14లో అమెరికా పబ్లిక్ స్కూళ్లలో నల్లజాతి పిల్లలు 15.5 శాతం. సస్పెండైనవాళ్లలో మాత్రం దాదాపు 39 శాతం. వైకల్యం ఉన్న పిల్లలు సుమారు 12 శాతమే అయినా, సస్పెండైనవాళ్లలో పావు వంతు వాళ్లే. అదే ఏడాది ప్రీస్కూళ్లలో నల్లజాతి పిల్లలు 19 శాతం, సస్పెండైనవాళ్లలో 47 శాతం. ప్రీస్కూల్ అండీ! చెప్పుల ఎడమ కుడి తెలియని వయసు.

మనల్ని ఏషియన్ గడిలో వేస్తారు. అక్కడ సస్పెన్షన్ల అంకె బాగా తక్కువ. "మనకెందుకు" అనే ధీమా అక్కణ్ణుంచే వచ్చింది.

"అల్లరి ఎక్కువ చేస్తే శిక్షా ఎక్కువే పడుతుంది" అని మీలో కొందరు అనుకుంటూ ఉంటారు. సరైన అనుమానమే. దానికి జవాబు మన టెక్సాస్‌లోనే ఉంది. ఇక్కడ ఏడో తరగతి పిల్లలు దాదాపు పది లక్షల మందిని ఆరేళ్లపాటు రికార్డుల్లో వెంబడించి, 2011లో నివేదిక వేశారు. స్కూల్లోనే వేరే గదిలో కూర్చోబెట్టే శిక్షతో కలిపి, దాదాపు 60 శాతం మంది ఒక్కసారైనా సస్పెండో ఎక్స్‌పెల్లో అయినవాళ్లే. ఆ శిక్షల్లో చట్టం ప్రకారం తప్పనిసరిగా వేయాల్సినవి 3 శాతమే. మిగతావన్నీ స్కూలు ఇష్టం మీద ఆధారపడినవి. మార్కులు, ఇంటి ఆదాయం లాంటివన్నీ సమానంగా ఉన్న పిల్లల్ని పోల్చి చూసినా, ఇష్టం మీద వేసే శిక్షలు నల్లజాతి పిల్లలకు పడే అవకాశం 31 శాతం ఎక్కువ. తప్పనిసరి శిక్షల్లో అలా లేదు. తుపాకీ తెస్తే తెచ్చినట్టు, లేకపోతే లేదు. అక్కడ ఎవరి అభిప్రాయంతోనూ పని లేదు. "అమర్యాద", "ధిక్కారం" అలా కాదు, చూసేవాళ్ల కళ్లను బట్టి ఉంటాయి. తేడా అంతా అక్కడే దూరింది.

కాలిఫోర్నియా దీన్ని గ్రహించింది. మూడో తరగతి దాకా పిల్లల్ని ధిక్కారం పేరు మీద సస్పెండ్ చేయడాన్ని 2015 నుంచి ఆపింది. తర్వాత మెల్లగా పై తరగతులకూ పెంచుతూ, 2024లో హైస్కూలు దాకా వెళ్లింది.

కాగితం మన ఇంటికే వస్తే? 1971లో ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో, భోజనాల గదిలో గొడవైందని ఒక స్కూల్లో ఒకేరోజు 75 మందికి పైగా పిల్లల్ని పంపించేశారు. వాళ్లలో డ్వైట్ లోపెజ్ అనే కుర్రాడు తాను ఊరికే నిలబడి చూశానన్నాడు. ఆ మాట వినేవాళ్లే లేకపోయారు. సుప్రీంకోర్టు 1975లో, 5-4 తేడాతోనే అయినా, పదిరోజులు, అంతకు తక్కువ సస్పెన్షన్‌కు కూడా ఆరోపణ ఏమిటో పిల్లవాడికి చెప్పాలని, వాడు కాదంటే ఆధారం వివరించి వాడి వైపు మాట వినాలని తీర్పిచ్చింది. లాయరు అక్కర్లేదు. "మా వాడు ఏమన్నాడు? ఎవరు విన్నారు?" అని అడిగితే చాలు.

ఆ తండ్రి మర్నాడు వెళ్లి అదే అడిగాడు. మూడు రోజులు ఒక రోజైంది. ఎందుకు తగ్గించారో మాత్రం ఆ కాగితంలో రాయలేదు.