మళ్ళీ ఎదకి రాలేదు కాబట్టి చూడే అంటారేటి?

ఈ వీడియో కాస్త కోపంతో చేస్తున్నాను, ముందే చెప్పేస్తున్నా. మా పర్లాకిమిడి చుట్టుపక్కల ఏ శాల దగ్గరికి వెళ్ళినా ఇదే మాట. "సూది వేయించాం బాబూ, మళ్ళీ అరవలేదు, కట్టేసినట్టే." సూదంటే ఎదలో ఉన్న ఆవుకి ఎద్దు వీర్యం ఎక్కించడం, ఎదంటే ఆవు చూడి కట్టడానికి సిద్ధంగా ఉండి అరిచే సమయం. మళ్ళీ అరవకపోతే చూడి కట్టినట్టే అని ఎవరు చెప్పారు మీకు?

మా పిన్ని వాళ్ళది కాశీనగరం వైపు. జెర్సీ క్రాస్ ఆవు, సూది వేయించింది, మళ్ళీ అరుపు లేదు. చూడిది చూడిది అని ఏడు నెలలు దాణా పెట్టింది, పొట్ట కూడా పెరిగింది, ఊరంతా పెయ్యదూడ పుడతాదని చెప్పేశారు కూడా. డాక్టర్ గారు వచ్చి చెయ్యి పెట్టి చూసి "ఖాళీ అమ్మా" అన్నారు. పొట్టలో ఉన్నది గడ్డి!

ఎదని మన గుణుపురం బండి అనుకోండి. 21 రోజులకోసారి వస్తాది, రెండు మూడు రోజులు అటూ ఇటూ. మీరు స్టేషన్లో లేకపోతే బండి రాలేదని కాదు కదా, మీరు చూడలేదు అంతే. ఆవు ఎద ఉండేది 12 నుంచి 18 గంటలు, అందులో సగం రాత్రే గడిచిపోతాది, మీరేమో పొద్దున్న పాలు పితికి పొలం పోతారు. గేదె అయితే మరీ, ఎండాకాలంలో హారన్ కూడా కొట్టకుండా పోయే బండి అది. మూగ ఎద అంటాం. అరవదు, తీగ, అంటే తోక కింద కారే జిగురు, అది కూడా సరిగ్గా వేయదు.

(గోడ క్యాలెండర్ చూపిస్తూ)

ఇదిగో, ఇదే మా శాల ఆఫీసు. ఒడియా క్యాలెండరే, కిరాణా కొట్టువాడు ఇచ్చింది, పేడ మరక కూడా ఉంది చూడండి. జూలై 10న సూది, ఎర్ర పెన్నుతో రాశాను. అప్పుడే జూలై 31కి ఒక సున్నా చుట్టాను, ఆగస్టు 21కి ఇంకోటి. ఆ రోజులు, ముందూ వెనకా రెండ్రోజులు, పొద్దున్నే ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి టార్చ్ పట్టుకుని తోక కింద చూడాలి. రెండు బళ్ళూ రాకపోయినా చూడి అని రాయను, ప్రశ్న గుర్తు పెడతాను. రెండు నెలలు దాటాక సెప్టెంబర్‌లో డాక్టర్ చేత చెయ్యి పెట్టించి చూపించాకే టిక్కు. అప్పుడు 280 రోజులు లెక్కేస్తే ఏప్రిల్ 16 దగ్గర ఈనాలి, ఫిబ్రవరి మధ్యలో పాలు ఆపేయాలి. గేదెకైతే 310 వేసుకోండి.

ఇప్పుడు అసలు లెక్క. ఏడాదికో దూడ అంటాం కదా. 365 లోంచి 280 తీసేస్తే మిగిలేది 85 రోజులు. ఈనాక గర్భసంచి సర్దుకోడానికి ఒక రెండు నెలలు పోయాయి అనుకోండి, మీ చేతిలో ఉన్నది ఒకటో రెండో బళ్ళే! ఒకటి తప్పితే 21 రోజుల మేత మీ జేబులోంచే, సూది వేసే ఎల్ఐ (లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్) బాబుని తిట్టి లాభం లేదు.

ఇంకో గొడవ, ఎద అయిన ఒకట్రెండు రోజులకి తోక దగ్గర కొంచెం రక్తం కనపడితే "అయ్యో నిలవలేదు" అని ఏడుస్తారు. అది నిలిచిందనీ కాదు, నిలవలేదనీ కాదు. బండి మొన్న వెళ్ళిపోయింది అని చెప్పే పొగ అది. సూది వేయించకపోతే అక్కడి నుంచి ఒక 19 రోజులు లెక్కేసుకుని ఈసారి స్టేషన్లో ఉండండి.

పొద్దున్న ఎద కనిపిస్తే సాయంత్రం సూది, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున్న. అండం విడుదలయ్యేది ఎద తగ్గిన 10-12 గంటలకి, కూత వినగానే పరిగెత్తి లాభం లేదు.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తాను. మూడుసార్లు సూది వేయించినా పొర్లుతుంటే, అంటే నిలవక మళ్ళీ ఎదకి వస్తుంటే, నాలుగోసారి వేయించకండి, ముందు గర్భసంచి చూపించండి, తీగ తేటగా అద్దంలా ఉందా చీములా ఉందా అదీ రాయండి. ఈనాక 12 గంటలైనా మాయ పడకపోతే రాయి కట్టి లాగొద్దు, దండం పెడతాను, డాక్టర్ని పిలవండి. అయిదో నెల దాటాక ఈసుకుపోతే, అంటే కడుపు పోతే, బ్రూసెల్లా అనే జబ్బు అయ్యుండొచ్చు, అది మనుషులకీ అంటుకుంటాది, వట్టి చేతుల్తో ముట్టుకోకండి, తేదీ రాసి రక్తం పరీక్షకి పంపించండి. పెయ్యదూడలకి 4 నుంచి 8 నెలల మధ్య ఒక్కసారి దీనికి టీకా వేస్తారు, దానికీ తేదీ కావాలి, మీ దగ్గర ఉండదు, నాకు తెలుసు.

గేదెల మూగ ఎద గురించి ఇంకో వీడియో చేస్తాను. ఇవాళ పిన్ని ఆవుకి 21వ రోజు, టార్చ్ ఛార్జింగ్‌లో పెట్టాను, వెళ్ళొస్తా.