పటంలో లేని ఊరికి మందు చేరాలంటే

శ్రోతలకు నమస్కారం.

108కి ఫోన్ చేసినవాళ్లకు తెలుసు, రోగం చెప్పడం తేలిక, అడ్రసు చెప్పడమే కష్టం. నల్లగొండ టౌన్లో ఉంటే ఫలానా చౌరస్తా అంటే సరిపోతుంది. దేవరకొండ అవతల ఏ తండాలోనో ఉంటే మాత్రం "ఎవరినన్నా మెయిన్ రోడ్డు మీదికి పంపండి" అంటాడు డ్రైవర్. ఎవరో ఒకరు బండి మీద వచ్చి, అంబులెన్స్ ముందు నడుస్తూ దారి చూపిస్తారు. మనకిది అలవాటైపోయింది.

ఇదే ఇబ్బంది ఒక జిల్లా మొత్తానికి, అదీ అంటురోగం ముంచుకొచ్చినప్పుడు ఎదురైతే? 2014 మార్చిలో పశ్చిమ ఆఫ్రికాలోని గినీలో సరిగ్గా అదే జరిగింది. గెకెడు అనే పట్టణం చుట్టుపక్కల అడవి పల్లెల్లో ఎబోలా బయటపడింది. రోగిని తాకిన ప్రతి మనిషినీ 21 రోజుల పాటు కనిపెట్టుకొని ఉండాలి, రోజూ జ్వరం చూడాలి. డాక్టర్లు వచ్చారు, మందులు వచ్చాయి. పటం తెరిస్తే మాత్రం చాలా మేర ఖాళీ. ఏ పల్లె ఎక్కడుందో, అక్కడికి బాట ఏదో కాగితం మీద లేదు.

అప్పుడు 'డాక్టర్స్ వితౌట్ బార్డర్స్' అనే అంతర్జాతీయ వైద్య సేవా సంస్థ అడిగితే, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వాలంటీర్లు ఆ పని ఎత్తుకున్నారు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అంటే 2004లో మొదలైన, ఎవరైనా గీయగల, ఎవరైనా ఉచితంగా వాడుకోగల ప్రపంచ పటం. రకరకాల దేశాలవాళ్లు ఎవరింట్లో వాళ్లు కూర్చొని, ఉపగ్రహ చిత్రాలు చూస్తూ గినీ పల్లెలను గీసిచ్చారు. పక్క దేశాలైన లైబీరియా, సియెర్రా లియోన్‌లకు కూడా పాకిన ఆ రోగం 28,600 మందికి పైగా సోకింది, 11,300 మందికి పైగా చనిపోయారు. పటం గీసినవాళ్లు ప్రాణాలు కాపాడారని నేను గొప్పలు పోను. ఏ పల్లెకు పోయి వచ్చాం, ఏది మిగిలిందని చూసుకోవడానికి వైద్య బృందాలకు ఒక ఆధారం దొరికింది. అదేం చిన్న సంగతి కాదు. ఆ ఏడాది నవంబరులోనే 'మిస్సింగ్ మ్యాప్స్' అనే ఉమ్మడి కార్యక్రమం మొదలైంది. ఆపద వచ్చాక ఉరుకులాడటం కాదు, రాకముందే గీసిపెట్టుకోవాలన్నది దాని ఆలోచన.

నేను డిగ్రీ పిల్లలకు భూగోళం చెబుతాను. ఈ పని గురించి చెప్పగానే వాళ్లడిగే మొదటి ప్రశ్న, "సర్టిఫికెట్ వస్తదా సార్?" రెండోది, "ఆఫ్రికా పోవాల్నా?" పోనక్కర్లేదు. పోకపోవడమే మేలు కూడా. శిక్షణ లేని మనిషి ఉత్సాహం కొద్దీ రోగం ఉన్నచోట దిగితే, అతనికి తిండి, నీళ్లు, పడక చూడటమే అక్కడివాళ్లకు ఇంకో పని అవుతుంది.

పని ఇలా ఉంటుంది. 'టాస్కింగ్ మేనేజర్' అనే వెబ్‌సైట్‌లో ఒక ప్రాంతాన్ని చిన్న చిన్న గళ్లుగా కోసి పెడతారు. మీరొక గడి తీసుకుంటే అది మీ పేరు మీద లాక్ అవుతుంది. తెరుచుకున్న ఉపగ్రహ చిత్రంలో ఇల్లు కనిపించిన చోట నాలుగు మూలలా నొక్కి, గీత కలిపి, 'బిల్డింగ్' అని గుర్తు పెట్టాలి. మూలలు వంకరపోతే కీబోర్డు మీద 'క్యూ' నొక్కండి, చక్కబడతాయి. గుండ్రటి గుడిసె అయితే 'ఓ' నొక్కాలి. గడి పూర్తయ్యాక అనుభవం ఉన్న ఇంకొకరు దాన్ని సరిచూస్తారు.

ఇక్కడే మన పాలమూరు, నల్లగొండ పిల్లల కన్ను పనికొస్తుంది. పైనుంచి చూస్తే గడ్డివాము కూడా గుడిసెలాగే ఉంటుంది. అది ఇంటికి దూరంగా, కల్లం పక్కన ఉందా? పశువుల బాట దాని దాకా పోయి ఆగిందా? నల్లమల పెంటల్లో, అంటే చెంచు గూడేల్లో, చుట్టుగుడిసెలు చూసిన పిల్ల ఆఫ్రికా గుండ్రటి ఇంటిని ఇట్టే పోల్చుకుంటుంది. ఇప్పుడు కంప్యూటరే ఇళ్లు గుర్తుపట్టి గీస్తోంది, నిజమే. కానీ గుట్ట మీది బండను చూసి అది ఇల్లనుకుంటే, కాదని చెప్పడానికి మనిషే కావాలి.

ఇళ్లు లెక్కపెట్టి ఏం చేస్తారంటారా? తట్టు టీకా సంగతే చూడండి. పొడిని ద్రవంలో కలిపాక ఆ సీసాను ఆరు గంటల్లోపు వాడాలి, మిగిలింది పారెయ్యాలి. ఐస్ ప్యాకులు పెట్టిన డబ్బా భుజాన వేసుకొని వాగు దాటి పోయిన నర్సుకు అక్కడ పది ఇళ్లున్నాయా, వంద ఉన్నాయా ముందే తెలియాలి. తక్కువ తీసుకుపోతే పిల్లలు మిగిలిపోతారు, ఎక్కువైతే మోత దండగ. దోమల మందు కొట్టేవాళ్లదీ ఇదే లెక్క. అందుకే గడ్డివామును ఇల్లుగా గీస్తే అది ఉత్త తప్పు కాదు, ఎవరో ఒకరు ఎండలో అక్కడి దాకా నడిచిపోయి ఊరికే తిరిగి వస్తారు. తెలియకపోతే వదిలెయ్యడమే మంచిది.

అయితే ఉపగ్రహం ఇంటికప్పు చూపిస్తుంది గానీ ఊరి పేరు చెప్పదు. పేర్లు అక్కడి మనుషులే నింపాలి. నల్లగొండలో కూర్చొని గినీ పల్లెకు పేరు పెట్టే హక్కు మనకు లేదు. మన తండాల సంగతి వేరు. రికార్డులో ఒక పేరు, జనం నోట్లో నాయకుడి పేరు మీద ఇంకో పేరు. అలాంటి రెండు పేర్లూ పటంలోకి ఎక్కించగలిగింది మనమే. నన్నడిగితే, ఆఫ్రికా గళ్లతో చెయ్యి తిప్పుకున్న పిల్లలు ఆ తర్వాత చేయాల్సింది సొంత మండలమే. ఇళ్లలో ఉన్న మనుషుల పేర్లు, ఫోన్ నంబర్లు మాత్రం పటంలో పెట్టకూడదు.

గీయడానికి ఫోన్ చాలదు, కంప్యూటర్, మౌస్ కావాలి. కాలేజీ ల్యాబ్ ఖాళీగా ఉండే సాయంత్రాలు చాలు. మొదట్లో పట్నాల జోలికి పోకండి, ఒకదానికొకటి ఆనుకున్న కప్పులు విడదీయలేక విసుగొస్తుంది. కొత్తవాళ్ల కోసం పెట్టిన పల్లె ప్రాజెక్టులు ఉంటాయి, అవి తీసుకోండి. ఉపగ్రహ చిత్రం కొన్నేళ్ల పాతదై ఉండొచ్చు, కొద్దిగా పక్కకు జరిగీ ఉండొచ్చు, అందుకే సూచనలు చదవకుండా గీత మొదలుపెట్టకండి. మీ గడిని ఎవరైనా "ఇది ఇల్లు కాదు, చెట్టు నీడ" అని వెనక్కి పంపితే చిన్నబుచ్చుకోకండి. దిద్ది మళ్లీ పంపండి.

నమస్కారం.