హేతువు అడిగితేనే

యాంకర్: నమ్మేవాళ్లూ నమ్మనివాళ్లూ ఒకే ఇంట్లో, ఒకే ఆఫీసులో ఉంటారు. దేవుడి మాట వస్తే గొడవే. నాస్తికులు మీరు, మీతోనే మొదలుపెడదాం మేడమ్.

హేతువాది: మా నాన్న ఐసీయూలో ఉన్నప్పుడు ఒక స్నేహితురాలు వచ్చింది. మంచి మనిషే. నా చెయ్యి పట్టుకుని, "ఆయన ఇప్పుడు పోతే ఎక్కడికెళతారో ఆలోచించావా?" అంది. అప్పటికి రెండు రాత్రులుగా నాకు నిద్ర లేదు.

పాస్టర్: (కాసేపు ఆగి) ఆ మాట నేనూ కొందరితో అన్నానండీ. అదే ధైర్యమనుకున్నాను.

యాంకర్: విశ్వాసం గురించి సాక్ష్యం చెప్పమనే కదా బైబిల్ వాక్యం?

పాస్టర్: చెప్పమనే. కానీ పేతురు మొదటి పత్రిక 3:15 ఏమంటుంది? "హేతువు అడుగు ప్రతివానికిని" సమాధానం చెప్పాలి, అదీ సాత్వికంతో. మేం 'అడుగు' అన్న మాట మింగేసి సమాధానం మాత్రం మొదలుపెట్టేస్తాం.

హేతువాది: (నవ్వుతూ) హేతువు మీ బైబిల్లోనూ ఉందా! ఇన్నాళ్లూ మా సొత్తే అనుకున్నాను.

క్రైస్తవ వేదాంత అధ్యాపకుడు: ఇంకో సంగతి. 1965లో కాథలిక్ చర్చి బిషప్పుల రెండో వాటికన్ మహాసభ ఒక పత్రంలో ఒప్పుకుంది: నాస్తికత్వం పుట్టడంలో విశ్వాసుల పాత్ర కూడా తక్కువేం కాదని. మా బతుకులే దేవుణ్ణి కప్పేస్తే, ఎదుటివాడికి కనిపించలేదని కోప్పడి లాభమేంటి?

పాస్టర్: బైబిల్లోనే చూడండి, ఏథెన్సులో క్రీస్తు ప్రచారకుడు పౌలుకి అక్కడి విగ్రహాలు చూస్తే లోపల మండింది. అయినా అరేయొపగు అనే సభాస్థలంలో నిలబడి తిట్టలేదు. "తెలియబడని దేవునికి" అని రాసిన బలిపీఠం చూశానంటూ మొదలుపెట్టాడు, వాళ్ల కవుల మాటే ఎత్తాడు. కొందరు వెక్కిరించారు, కొందరు ఇంకోసారి వింటామన్నారు. ఆయన అక్కణ్ణుంచి వెళ్లిపోయాడు.

హేతువాది: అదీ ఎత్తుగడే కదండీ? నేను మారతానన్న ఆశతోనే నాతో స్నేహమైతే, ఆ స్నేహం నాకొద్దు.

పాస్టర్: ఆశ లేదంటే అబద్ధమవుతుంది. దాచిపెడితే మోసం. మీరు ఎప్పటికీ మారరని తెలిశాక కూడా నేను ఫోన్ చేస్తానా లేదా, అక్కడ తేలాలి నా సంగతి.

యాంకర్: మీ కోసం ప్రార్థిస్తామంటే ఫర్వాలేదా మేడమ్?

హేతువాది: చేసుకోండి. నాకు వినిపించేలా దేనికి? ఆ రోజు ఐసీయూ బయట ఎవరైనా ఒక గంట కూర్చుని ఉంటే కాస్త నడుం వాల్చేదాన్ని.

పాస్టర్: నేనే వచ్చుంటే... కూర్చునేవాణ్ణో, వాక్యం ఎత్తుకునేవాణ్ణో, నిజంగా చెప్పలేనమ్మా.